సైటు అమ్మాలంటే.. ‘సైటు’ నమ్మించాలి!

హోసూరు: మనవైపు ఇంటి స్థలాన్ని సైటు అంటాం. ఇప్పుడు కొనేవాళ్లు ఆ నేలమీద కాలు పెట్టకముందే సెల్‌ఫోన్‌లో మరో సైటు చూస్తున్నారు. అదే వెబ్‌సైటు! బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు లింకు పంపితే చిత్తూరులోనో, అనంతపురంలోనో ఉన్న తండ్రి తెరిచి చూస్తాడు. ‘కడుపు కట్టుకుని దాచిన సొమ్ము.. బొమ్మలు చూసి ఎట్లా నమ్మేది?’ అన్నదే ఆయన సందేహం. స్థలాల వ్యాపారం చేసే మనవాళ్లు వెబ్‌సైటు పెట్టేటప్పుడు ముందుగా జవాబు చెప్పాల్సింది ఈ ప్రశ్నకే.

నంబరు ముందు.. బొమ్మలు తర్వాత

రెరా చట్టం 2016లో వచ్చింది. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటును రిజిస్టర్ చేయించకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు. ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు, రెరా వెబ్‌సైటు చిరునామా కొట్టొచ్చినట్టు కనిపించాలి. కాబట్టి మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో వేయండి. నొక్కగానే ప్రభుత్వ పేజీ తెరుచుకోవాలి. ‘మీరే చూసుకోండి’ అనడాన్ని మించిన హామీ ఏముంటుంది?

సర్వే నంబరు దాచొద్దు

ఊరు, సర్వే నంబరు ఇస్తే హోసూరు భూమికి పట్టా, ఈసీ (ఇక్కడి వాడుకలో విల్లంగం) తమిళనాడు ప్రభుత్వ వెబ్‌సైట్లలో చూసుకోవచ్చు. అత్తిబెలె, ఆనేకల్ వైపైతే కర్ణాటక వారి ‘భూమి’లో పహణీ దొరుకుతుంది. అయితే అవి తమిళంలోనో, కన్నడంలోనో ఉంటాయి. సరిహద్దు అవతలి నుంచి వచ్చేవాళ్లకు చదవడం రాదు. ఏ కాగితంలో ఏముందో తెలుగులో నాలుగు ముక్కలు రాసిపెడితే సగం భయం పోతుంది.

గుంటా.. సెంటా?

కర్ణాటకలో గుంటలు, హోసూరులో సెంట్లు, ఆంధ్రా నుంచి వచ్చేవారికి గజాలు! 1,200 చదరపు అడుగులంటే సుమారు 133 గజాలు, రెండుముప్పావు సెంట్లు. అన్ని లెక్కలూ పక్కపక్కనే ఇవ్వాలి. ‘బెంగళూరుకు పది నిమిషాలే’ అని ఊదరగొట్టొద్దు. హోసూరు నుంచి సిటీకి సుమారు 40 కిలోమీటర్లు. అదే రాయండి.

లేని రోడ్డు చూపొద్దు

ఫొటో కింద తీసిన తేదీ ఉండాలి. ఊహాచిత్రమైతే ఆ మాటే చెప్పాలి. రోడ్డు, కాలువ ఇంకా వేయకపోతే ‘వేయలేదు’ అని రాయడానికి మొహమాటమెందుకు? తప్పుడు ప్రకటన నమ్మి నష్టపోయినవారు రెరా చట్టం కింద పరిహారం కోరవచ్చు. అగ్రిమెంటు రాసి రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఆ సంగతి డబ్బు కట్టే పేజీలోనే చెబితే మీమీద గురి కుదురుతుంది.

ఫోన్ నంబరు ఇస్తేనే ధర చూపిస్తామనడం, అమ్ముడుపోయిన సైటును నెలల తరబడి ఉంచడం కూడా మానాలి. నేలమీది సైటుకు హద్దురాళ్లు ఎంత ముఖ్యమో, వెబ్‌సైటుకు ఈ వివరాలంతే. అవి సరిగా ఉంటే ఆ తండ్రి బస్సెక్కి వస్తాడు.. మీ స్థలం చూడటానికి!