చిన్న బోరు తుపాకి – బరువైన తూటా



తుపాకిని గూర్చి బడిపంతులు ప్రసంగింపనేల యని మీలో కొందఱకు తోపవచ్చును. వేట నా విషయము కాదు. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దాని సవరణలును వేటను దాదాపు పూర్తిగ నిషేధించినవి. కాని పంటకాపు కొఱకును, గురిపోటీల కొఱకును లైసెన్సు పొంది రవ్వల తుపాకి నుంచుకొన్నవారు నేటికిని కలరు. వారిలో నొకడు, నా పూర్వశిష్యుడు, నన్నిట్లడిగెను: “పంతులుగారూ, నాది 20 బోరు తుపాకి. 12 కంటె 20 పెద్దదే కదా! బరువైన తూటా వేసి కాల్చిన నేమి?” ఈ లెక్క తప్పినచో పోవునవి మార్కులు కావు, చేతివ్రేళ్లు, కన్నులు. కావున ఈ సంగతిని సావధానముగ విచారింతము.

మొదట బోరు అనగా నేమి? ఒక పౌను, అనగా సుమారు 454 గ్రాముల సీసమును 12 సమానమైన గుండ్లుగ పోసినచో, అందొక గుండు సరిగ పట్టు గొట్టము 12 బోరు. అదే సీసమును 20 గుండ్లుగ పోసినచో ఒక్కొక్క గుండు చిన్నదగును. అది పట్టునది 20 బోరు. కాబట్టి సంఖ్య పెరిగినకొలది గొట్టము సన్నమగును. 12 బోరు వ్యాసము సుమారు 18.5 మిల్లీమీటర్లు, 16 బోరుది 16.8, 20 బోరుది 15.6. నాలుగువందల పది యను తుపాకి మాత్రము ఈ లెక్కకు లొంగదు. ఆ సంఖ్య అంగుళమున వేయింట 410 పాళ్లను వ్యాసమునే తెలుపును.

ఇక బరువు మాట. సాధారణముగ 12 బోరు తూటాలో 28 మొదలు 35 గ్రాముల రవ్వలును, 20 బోరు తూటాలో 24 మొదలు 28 గ్రాముల రవ్వలును ఉండును. అయినను 20 బోరునకే మూడంగుళముల తూటాలో 35 గ్రాములు పోసి అమ్ముట కలదు. చిన్నవాని తలపై పెద్దవాని మూట పెట్టినట్లన్నమాట.

మందు అంటుకొనగనే పుట్టిన వాయువు రవ్వలను ముందునకు నెట్టును. ఆ నెట్టుబలము వాయుపీడనమును బట్టియు, గొట్టపు అడ్డుకోత వైశాల్యమును బట్టియు ఉండును. 12 బోరు వైశాల్యము 100 అనుకొన్నచో 20 బోరుది 71 మాత్రమే. అదే బరువును అదే వేగముతో సన్నని గొట్టమున నెట్టవలయునన్న పీడనము పెరిగి తీరవలయును. అందుచే తూటాలు చేయువారు మెల్లగ మండు మందును వాడి, వేగమును కొంత తగ్గించి, పీడనమును హద్దులో నుంతురు. అమెరికా తయారీదారుల సంఘము సామాన్యమైన 12 బోరునకు చదరపు అంగుళమునకు 11,500 పౌనులు, 20 బోరునకు 12,000 పౌనులు హద్దుగ విధించినది. 20 బోరున రెండుముప్పావు అంగుళముల తూటాకును, మూడంగుళముల తూటాకును ఈ హద్దు ఒక్కటే. కాబట్టి మూడంగుళముల తూటాకై చేసి, పరీక్షించి, ముద్ర వేసిన మంచి తుపాకిలో కర్మాగారపు తూటాను కాల్చిన గొట్టమునకు భయము లేదు.

మఱి ప్రమాద మెట్లు వచ్చును? మూడు దారుల వచ్చును.

మొదటిది పొడవు. తూటా మూతి ముడిచి యుండుటచే, పొడవైన తూటా పొట్టి గదిలో సుళువుగనే పట్టును. పట్టినది కదా యని కాల్చితిమా, ఆ మూతి విచ్చుకొనుటకు చోటు చాలక ముందరి ఇఱుకులో అడ్డుపడును. పీడనము హద్దు మీఱును. పట్టుట వేఱు, తగుట వేఱు.

రెండవది పాతతనము. నల్లమందు కాలపు తుపాకులకును, ఇనుమును ఉక్కును మెలిపెట్టి చుట్టిన గొట్టములకును నేటి బరువైన తూటాలు తగవు. ఇంట తూటాలు నింపుకొనుచు, ఒక మందునకు బదులు మఱియొక మందును అదే కొలతతో పోయుట ఇంతకన్న సాహసము.

మూడవది మిక్కిలి ఘోరము. 20 బోరు తూటాను పొరపాటున 12 బోరు తుపాకిలో వేసినచో అది జాఱిపోయి గది ముందు చిక్కుకొనును. తుపాకి ఖాళీ యనుకొని వెనుక 12 బోరు తూటా వేసి కాల్చినచో గొట్టము పగులును. ఈ పొరపాటును వారించుటకే 20 బోరు తూటాలకు పసుపు రంగును ప్రత్యేకించిరి. రెండు బోరుల తూటాలను ఒక్క సంచిలో ఎన్నడు నుంచరాదు.

గొట్టము నిలిచినను భుజము నిలువవలయును గదా! రవ్వలు ముందునకు పోయినకొలది తుపాకి వెనుకకు తన్నును. తుపాకి బరువు రవ్వల బరువునకు 96 రెట్లుండవలయునని ఆంగ్లేయ శిల్పి గ్రీనరు పేర వాడుకలో నున్న సూత్రము. దాని ప్రకారము 35 గ్రాములకు సుమారు మూడు కిలోల నాలుగువందల గ్రాముల తుపాకి కావలయును. 20 బోరు తుపాకులు తఱచుగ రెండు కిలోల ఏడువందలకు అటునిటుగ తూగును. వానికి 28 గ్రాములే తగినవి. పైగా సన్నని గొట్టమున రవ్వల దొంతర పొడవై, వెనుకవి నలిగి, గురి చెదరును. కోరిన లాభమే చేజాఱును.

బరువే బలమనుకొనువారొక సంగతి చిత్తగింపుడు. ఒలింపిక్ పోటీలలో 12 బోరు తూటాకైనను 24 గ్రాములే నియమము. 2004లో ఏథెన్సున మన రాజ్యవర్ధనసింగ్ రాథోడ్ ఆ నియమముననే రజతపతకము సాధించెను.

నా శిష్యునకు నేను చెప్పినదే మీకును చెప్పెదను. గొట్టముపై చెక్కిన బోరును, గది పొడవును, పరీక్షాముద్రను ముందు చదువుడు. పిదప తూటాపైని అక్షరములు చదువుడు. రెండును ఏకవాక్యముగ నున్ననే కాల్పుడు. సందేహము కలిగెనా, తుపాకిని ఎఱిగిన పనివానికి చూపువఱకు దించి యుంచుడు. అక్షరము చదువుటకు పట్టునది అరనిమిషము. పోయిన కన్ను జన్మములో రాదు.