వార్తల్లో పదం: బ్లాక్ స్పాట్

2025 సెప్టెంబరు 17న నెల్లూరు జిల్లా సంగం మండలం పెరమన దగ్గర జాతీయ రహదారిపై రాంగ్ రూటులో వచ్చిన ఇసుక టిప్పర్ కారును ఢీకొట్టింది. ఆత్మకూరు వైపు వెళ్తున్న ఆ కారులో ఏడుగురు చనిపోయారు. ఇలాంటి ఘోరం జరిగినప్పుడల్లా వినిపించే మాట ‘బ్లాక్ స్పాట్’.

కేంద్ర రహదారుల శాఖ లెక్క ప్రకారం ఒక చోటును బ్లాక్ స్పాట్ అనాలంటే జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల నిడివిలో, మూడేళ్లలో మరణాలో తీవ్ర గాయాలో మిగిల్చిన ప్రమాదాలు 5 జరగాలి. లేదా 10 మంది చనిపోవాలి. అంటే ఏడు ప్రాణాలు తీసిన ప్రమాదమైనా, అదొక్కటే అయితే ఆ చోటు బ్లాక్ స్పాట్ల జాబితాకెక్కదు. మనసుకు కష్టమనిపించే లెక్క ఇది.

జాబితాకెక్కితే రంబుల్ స్ట్రిప్పులు, హెచ్చరిక బోర్డులు, స్పీడ్ గన్లు వస్తాయి. అవి పనిచేశాయా? మరుసటి ఏడాది ప్రమాదాలు తగ్గాయని సంబరపడితే చాలదు. మరీ చెడ్డ ఏడాది తర్వాత ఆ అంకె ఏమీ చేయకపోయినా కొంత దిగుతుంది. ముందు మూడేళ్లు, తర్వాత మూడేళ్లు పోల్చాలి. ఏ మార్పూ చేయని పక్క రోడ్డునూ చూడాలి. ఈలోగా వాహనాల వేగం కొలుస్తూ ఉంటే ఫలితం ముందే అందుతుంది.

పెరమన దగ్గర టిప్పర్ వచ్చినట్టు రాంగ్ రూటులో నడపడం మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద నేరం. అయినా యూటర్న్ దూరమైన చోట ఆ అలవాటు పోదు. అక్కడ రోడ్డునూ సరిచేయాలి.

బ్లాక్ స్పాట్ నిర్వచనం జాతీయ రహదారులకు చెప్పింది. నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి, ఆత్మకూరు పల్లె రోడ్లకూ అధికారులు ఇదే లెక్క తీసి, ఏటా జనం ముందు పెట్టాలి.