ప్యాకెట్ పాలకూర తాజాదేనా? ఫోన్ కెమెరా ఎంతవరకు చెప్పగలదు?

మా మోర్తాడ్‌లో పాలకూర కట్ట కొంటే విప్పి చూస్తాం, వాసన చూస్తాం. సీల్ వేసిన ప్యాకెట్ దగ్గర ఆ వీలు లేదు. కంటికి కనిపించిందే నమ్మాలి. అమ్మేవాళ్లకూ ఇదే ఇబ్బంది: ఈ రోజు ధర తగ్గించి అమ్మాలా, పారేయాలా? మరి జేబులోని కెమెరా ఏమైనా సాయం చేస్తుందా?

ముందు టెక్నాలజీ సంగతి చూద్దాం. ఆకులోని క్లోరోఫిల్ ఎరుపు, నీలం కాంతిని పీల్చుకుంటుంది. కంటికి కనిపించని నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని మాత్రం తాజా ఆకు బాగా వెనక్కి పంపిస్తుంది. ఆకు వాడి, కణాలు దెబ్బతినే కొద్దీ ఈ లెక్క మారిపోతుంది. హైపర్‌స్పెక్ట్రల్ కెమెరాలు ఒకే ఫొటోను పదులు, వందల రంగు పట్టీలుగా విడదీసి ఈ తేడాను పట్టుకుంటాయి. కానీ అవి ల్యాబ్‌లు, ఫ్యాక్టరీల సరుకు, మన బడ్జెట్‌లో దొరికేవి కావు.

ఫోన్ సెన్సర్ కూడా ఈ కాంతిని చూడగలదు. కానీ ఫొటోలో రంగులు చెడిపోకుండా కంపెనీలు దాని ముందు ఐఆర్ ఫిల్టర్ పెడతాయి. 2017లో చాంగ్‌హాంగ్ హెచ్2 ఫోన్ ఆహారాన్ని పరీక్షించే స్కియో సెన్సర్‌తో వచ్చింది కానీ, ఆ దారి మిగతా ఫోన్లకు పాకలేదు. 2020లో వన్‌ప్లస్ 8 ప్రో కలర్ ఫిల్టర్ కెమెరా కొన్ని పల్చటి ప్లాస్టిక్‌ల గుండా చూస్తోందని పెద్ద గోలే అయ్యింది.

ఇక మామూలు ఫోన్ సంగతి. ఒకే ప్యాకెట్‌ను నాలుగు రోజులు ఫొటో తీశాను. ఆటో మోడ్‌లో ఏఐ పచ్చదనాన్ని పెంచేస్తుంది కాబట్టి మొదటి రోజుకు, నాలుగో రోజుకు పెద్ద తేడా కనిపించలేదు. ప్రో మోడ్‌లో మాత్రం అంచుల పసుపు స్పష్టంగా తెలిసింది. మీరూ ఇలా చేయండి:

- వైట్ బ్యాలెన్స్, ఐఎస్ఓ, షట్టర్ మార్చకుండా ఉంచండి.
- పక్కన తెల్ల కాగితం పెట్టండి. రంగు పోల్చడానికి అదే కొలబద్ద.
- ఫ్లాష్ వద్దు. ప్లాస్టిక్ మెరుపు పడకుండా ఫోన్‌ను కాస్త వంచండి.
- ప్యాకెట్ అడుగున కూడా తీయండి. కుళ్లు నీరు ముందు చేరేది అక్కడే.

ఒక్క మాట గుర్తుంచుకోండి: బ్యాక్టీరియా ఫొటోలో పడదు. పచ్చగా ఉన్న ఆకు శుభ్రమైనదని అనుకోవద్దు. ప్యాకింగ్ తేదీ చూడండి, ఇంటికెళ్లాక కడగండి. జిగురు పట్టినా, వాసన మారినా పారేయండి.

నా తీర్పు: రోజూ ఒకే సరుకును పోల్చి చూసే దుకాణదారుకు ఫోన్ పనికొస్తుంది. ఒక్కసారి కొనేవాళ్లకు మాత్రం ఒక్క ఫొటో సరిపోదు.