పెరిగిందా? పెంచారా?

గిరిసోల దాటితే ఇచ్ఛాపురం. ఇటు ఒడిశా, అటు ఆంధ్రప్రదేశ్. ఈ సరిహద్దు ఊళ్లలో మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడతారు. ఇంగ్లిష్ దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఒకేచోట తడబడతారు. ‘ధర పెరిగింది’ అని రాయమంటే ‘ది ప్రైస్ రెయిజ్డ్’ అంటారు. రాయాల్సింది ‘ది ప్రైస్ రోజ్’.

ఇలాంటి తప్పు చూసి ‘తెలుగు బడి కదా, ఇంగ్లిష్ ఎలా వస్తుంది?’ అని దిగులుపడే తల్లిదండ్రులున్నారు. మేం చెప్పేది వేరు. ఈ తేడా పిల్లలకు అమ్మ భాషలో ఎప్పుడో తెలుసు. దాన్ని గుర్తుచేసి పాఠం చెప్పకపోవడమే లోపం.

ఇంట్లో ఉన్న జంటలే

బాహుదా నదిలో నీరు పెరిగింది అంటాం. బస్సు చార్జీ పెంచారు అంటాం. తనంతట తాను జరిగితే పెరగడం, ఒకరు చేస్తే పెంచడం. లేచు–లేపు, ఎక్కు–ఎక్కించు కూడా ఇలాంటి జంటలే. ఒడియాలోనూ బఢిబా–బఢాఇబా ఉన్నాయి. ఇంగ్లిష్‌లో ఈ జంట రైజ్–రెయిజ్. వాడుకలో గో అప్–పుట్ అప్ అనీ అంటారు. ‘ఇంక్రీజ్’ మాత్రం రెండు పనులూ చేస్తుంది.

‘చార్జీ పెరిగింది’ అని కూడా అంటాం కదా! అప్పుడు పెంచినవారి ఊసు ఎత్తడం లేదు. ఇంగ్లిష్‌లోనూ అంతే: ‘ది ఫేర్ వెంట్ అప్’.

ఒకచోట మాత్రం జాగ్రత్త. తెలుగులో ధరా పెరుగుతుంది, పిల్లాడూ పెరుగుతాడు. ఇంగ్లిష్‌లో ధర ‘గో అప్’, పిల్లాడు ‘గ్రో అప్’. ధర పెంచడం ‘పుట్ అప్’, బిడ్డను పెంచడం ‘బ్రింగ్ అప్’. అందుకే వీటిని విడివిడి మాటలుగా బట్టీ పట్టించకుండా, వాక్యంలో జతగా నేర్పాలి.

ఎంత? ఎలా?

కిలో టమాటా 20 రూపాయల నుంచి 30కి చేరిందనుకుందాం. 10 రూపాయలు పెరిగింది అంటే ‘రోజ్ బై టెన్ రుపీస్’. 30కి పెరిగింది అంటే ‘రోజ్ టు థర్టీ రుపీస్’. మన ‘కి’ వచ్చినచోట ‘టు’, రానిచోట ‘బై’ అని చెబితే పిల్లలు ఇట్టే పట్టుకుంటారు.

కాస్త పెరిగితే ‘రోజ్ స్లైట్లీ’, క్రమంగా అయితే ‘రోజ్ స్టెడిలీ’, ఒక్కసారిగా అయితే ‘రోజ్ షార్ప్‌లీ’. ‘ఎలా’ అన్నది మనం క్రియకు ముందు చెబుతాం, ఇక్కడ తర్వాత వచ్చింది. ధరలు ఆకాశాన్నంటితే ఒక్క మాట చాలు, ‘సోర్డ్’.

అమ్మానాన్నలకూ పని ఉంది

దీనికి తల్లిదండ్రులకు ఇంగ్లిష్ రానక్కర్లేదు. రాత్రి అన్నం తినేటప్పుడు ‘ఇవాళ ఏం పెరిగింది? దానంతట అదే పెరిగిందా, ఎవరైనా పెంచారా?’ అని అడగండి. బావిలో నీరు, తమ్ముడి జ్వరం, పాల ధర, ఏదైనా సరే. పిల్లలు తెలుగులో చెప్పిన ఆ వాక్యాలనే మర్నాడు బడిలో టీచర్లు ఇంగ్లిష్‌లో రాయించాలి.

భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణ చెబుతోంది. ఇంగ్లిష్ కోసం ఆ హక్కును వదులుకోవాల్సిన పని లేదు. పెరగడానికీ పెంచడానికీ తేడా తెలుగులో తెలిసిన బిడ్డకు ‘రైజ్’, ‘రెయిజ్’ నేర్పడం తేలిక.