పైపు లోపలి గోడ

2004 ఆగస్టు 9. జపాన్‌లోని మిహామా అణు విద్యుత్ కేంద్రం, మూడో యూనిట్ టర్బైన్ హాలు. మరో ఐదు రోజుల్లో యూనిట్‌ను ఆపి తనిఖీలు మొదలుపెట్టాలి. కార్మికులు అందుకు కావలసిన సరంజామా సర్దుతున్నారు. మధ్యాహ్నం మూడున్నర కావస్తుండగా పైకప్పు దగ్గరున్న పైపు ఒక్కసారిగా బద్దలైంది. 140 డిగ్రీల వేడి నీరు బయటికొస్తూనే ఆవిరై హాలంతా కమ్మేసింది. ఐదుగురు చనిపోయారు, ఆరుగురు గాయపడ్డారు. రేడియోధార్మికత ఏమాత్రం లేని మామూలు నీళ్ల పైపు అది.

ఆ పైపు గోడ మందం మొదట్లో 10 మిల్లీమీటర్లు. పగిలిన తర్వాత కొలిస్తే, బాగా అరిగిన చోట అర మిల్లీమీటరు దాకా వచ్చేసింది. 1976లో ఈ యూనిట్ మొదలైనప్పటి నుంచి 28 ఏళ్లలో అక్కడ ఒక్కసారీ మందం చూడలేదు. చూడాల్సిన చోట్ల జాబితాలో దాన్ని రాయడం మరిచిపోయారు. అంతకుముందు ఏడాదే ఆ పొరపాటు బయటపడింది. కానీ యూనిట్‌ను వెంటనే ఆపలేదు, ఆగస్టు తనిఖీల్లో చూద్దామనుకున్నారు.

ఇక్కడ ఉక్కును తిన్నది మనం రోజూ చూసే ఎర్ర తుప్పు లాంటిది కాదు. వేడి నీరు తగిలే ఉక్కు మీద మాగ్నటైట్ అనే నల్లని పలచని పొర కడుతుంది. ఉక్కుకు అదే రక్ష. తుప్పు పట్టకూడదని బాయిలర్ నీటిలోంచి ఆక్సిజన్‌ను తీసేస్తారు. తీరా అలా శుద్ధి చేసిన నీరే ఈ పొరను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ప్రవాహం నెమ్మదిగా ఉంటే గోడ పక్కనున్న నీటిలో ఇనుము నిండి, కరగడం మందగిస్తుంది. నీరు సుడులు తిరిగే చోట మాత్రం కరిగింది కరిగినట్టే కొట్టుకుపోతుంది. పోయిన పొర స్థానంలో కొత్త పొర కట్టుకోవడానికి ఉక్కు మళ్లీ తన ఒంటినే ఖర్చు చేయాలి. నీటి వేడి 150 డిగ్రీలకు అటూ ఇటూ ఉన్నప్పుడు ఈ అరుగుదల తీవ్రంగా ఉంటుంది. మిహామాలో వేడి సరిగ్గా ఆ పరిధిలోనే ఉంది. పైపు పగిలింది కూడా ప్రవాహాన్ని కొలిచే ఆరిఫిస్ ప్లేటు దాటగానే, అంటే సుడులు బలంగా ఉండే చోటే. ఉక్కులో ఒక శాతం క్రోమియం కలిస్తే చాలు, ఈ అరుగుదల దాదాపు ఆగిపోతుంది.

ఇది అంతుచిక్కని ప్రమాదం కూడా కాదు. 1986 డిసెంబరులో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, సర్రీ అణు కేంద్రంలో ఇలాగే ఒక ఎల్బో (వంపు) దగ్గర పైపు పగిలి నలుగురు చనిపోయారు.

వేగం ఎక్కువైతే ఇలా. తక్కువైతే? అలాస్కాలోని ప్రుడో బేలో చమురు ఉత్పత్తి తగ్గేకొద్దీ 34 అంగుళాల పైపులో ప్రవాహం మందగించింది. పారుదల తగ్గిన కాలువలో పూడిక పడినట్టే పైపు అడుగున మడ్డి, నీరు చేరాయి. ఆ మడ్డి కింద బ్యాక్టీరియా పెరిగి లోహాన్ని తొలిచింది. లోపలి మడ్డిని గీకేందుకు పైపులోకి పంపే పరికరాన్ని పిగ్ అంటారు. ఈ పైపులో 1998 తర్వాత పిగ్‌ను నడపలేదు. 2006 మార్చిలో చమురు వాసన గమనించిన ఒక ఉద్యోగి లీకును కనిపెట్టాడు. అంగుళంలో పావు వంతు వెడల్పున్న బెజ్జం గుండా అప్పటికే 7.5 లక్షల లీటర్లకు పైగా చమురు మంచు నేల మీదికి చేరిపోయింది.

ఇలాంటి దుఃఖమే కోనసీమకూ తెలుసు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపు లీకై మంటలు ఊరిని చుట్టేశాయి. 20 మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన లైనులో తడి గ్యాస్ పంపించారని విచారణలో తేలింది. గ్యాస్‌తో పాటు వచ్చిన నీరు లోపలే చేరి, ఉక్కును తినేసింది. భూమిలో వేసే పైపులకు పైన పూత పూస్తారు, తుప్పు పట్టకుండా కొద్దిపాటి విద్యుత్తు కూడా పంపుతారు. ఆ రెండూ కాపాడేది బయటి గోడనే. లోపలి గోడను కాపాడాలంటే నీటిని ముందే వేరుచేయాలి, పిగ్ నడపాలి, అల్ట్రాసౌండ్‌తో మందం కొలవాలి. ఇవన్నీ ఎప్పటినుంచో అందుబాటులో ఉన్న పనులే. పైపు పక్కన కాపురముండే వాళ్లకు ఆ కొలతలు అడిగే హక్కు ఉండాలి.

ఇళ్లలోని నీటి పైపులతో ఇంత ప్రాణభయం లేకపోయినా, వాటి లోపల జరిగే రసాయన చర్య దీనికి దగ్గరి చుట్టమే. బోరు నీటిలో కరిగి ఉండే సున్నపు లవణాలు వేడి చేస్తే విడిపోతాయి. గీజరు కాయిల్ మీద తెల్లగా పేరుకునేది అదే. జింకు పూత వేసిన పాత ఇనుప (జీఐ) పైపుల్లో సున్నంతో పాటు తుప్పు బుడిపెలూ పెరిగి దారి ఇరుకైపోతుంది. లోపలి వ్యాసం సగానికి తగ్గితే, అదే ఒత్తిడికి వచ్చే నీరు దాదాపు ఆరో వంతుకు పడిపోతుంది. పై అంతస్తులో షవర్ సన్నగా కారుతుంటే చాలామంది ముందు మోటారునే అనుమానిస్తారు. ట్యాంకు నిండుగా ఉండి కూడా ధార సన్నగా వస్తుంటే పైపునే చూడాలి. జీఐ పైపుకు మర కోసిన చోట జింకు పూత పోతుంది కాబట్టి తుప్పు ముందుగా అతుకుల దగ్గరే మొదలవుతుంది. ప్లంబరు వచ్చినప్పుడు ఒక ఎల్బో విప్పించి, టార్చి వేసి లోపలికి చూస్తే పైపు మార్చాలో అక్కర్లేదో అక్కడికక్కడే తెలుస్తుంది.