పిల్లితొట్టి - ఇంటి దుర్గంధము

మన పెద్దలకుఁ బిల్లిని పెంచుట యొక చిక్కు కాదు. పెరడుండెను, మన్నుండెను, పిల్లి తన పని తాను ముగించి మన్ను గప్పి వచ్చెడిది. నేఁడు సికిందరాబాదునందు మారేడుపల్లి, పద్మారావునగరు మొదలగు పేటలలో పెక్కు పెంకుటిండ్లు పోయి అంతస్తుల మేడలు లేచినవి. మూఁడవ యంతస్తులోని పిల్లికి మన్నెక్కడిది? కావున స్నానపుగది మూలనో, వసారాలోనో తొట్టి యొకటి పెట్టవలసివచ్చినది. అంగళ్లలో దీనినే లిట్టరు బాక్సందురు.

కడచిన వేసవిని మా యాఁడుబిడ్డ పురిటికి వచ్చి, గుమ్మము దాఁటఁగానే ముక్కు మూసికొనెను. “దీనిని మోండా బజారులో విడిచి రండు” అని అత్తగారనిరి. మావారు బడిపంతులు, పిల్లలకుఁ దీర్పు చెప్పఁగలరు గాని తల్లికిఁ జెప్పలేరు. హితోపదేశమున దీర్ఘకర్ణుఁడను పిల్లి చేసిన నేరమునకు ముసలి గ్రద్ద ప్రాణము విడిచినది. మా యింటఁ గథ తిరుగఁబడినది: నేరము నాది, శిక్ష పిల్లికి.

కంపు పోవునని నేను తొట్టి చుట్టును ఫినాయిలు చల్లితిని. పిల్లి యందు నడచి, కాళ్లు నాకికొని, చొంగ కార్చుచు నాహారము మానెను. పశువైద్యుఁడు నన్ను మందలించి, ఫినాయిలులోని ఫినాలును విఱిచి వెడలింపఁగల శక్తి పిల్లి కాలేయమునకు మిక్కిలి తక్కువ యనియు, అది దానికి విషమనియుఁ జెప్పెను. బ్లీచింగుపౌడరును దగదు, మూత్రములోని అమ్మోనియాతోఁ గలసి మనకే హానిచేయు విషవాయువును బుట్టించును.

ఇంతకు నీ కంపెట్లు పుట్టుచున్నది? పిల్లి మూత్రమున యూరియా యధికము. సూక్ష్మజీవులు దానిని విఱిచి అమ్మోనియాగా మార్చును. ఫెలినీనను గంధకపు పదార్థము వేఱొక ఘాటు నిచ్చును. శస్త్రచికిత్స చేయింపని మగపిల్లులలో నిది హెచ్చు. కావున ఆలసించిన కొలఁది కంపు పెరుగును. సూక్ష్మజీవులకు వ్యవధి యీయకుండుటయే మందు.

ఉదయము, సాయంకాలము తప్పక గడ్డలను దీసివేయవలయును. ఇసుక, బూడిద, రంపపుపొట్టు వాడువారు తడిసినదాని నెల్ల నానాఁడే మార్చవలయును. అమెరికాలోను జనులు వీనినే వాడుచుండిరి. 1947లో ఎడ్వర్డ్ లో అను నాతఁడు తడిని పీల్చు ఎండుమట్టిని పిల్లులకై యమ్మ మొదలిడెను. నేఁడు దొరకు బెంటొనైటుమట్టి తడి తగిలినచోట గడ్డకట్టును. మన కచ్ఛిదేశమున నీ మన్ను విస్తారముగాఁ ద్రవ్వుదురు. దానిని రెండంగుళముల మందమునఁ బోసి, అడుగునఁ గొంచెము వంటసోడా చల్లినఁ జాలును. ఈ మన్ను నీటిలో నుబ్బి గొట్టములను మూసివేయును గావున మరుగుదొడ్డిలోఁ బోయరాదు. కాగితమునఁ జుట్టి చెత్తబండికిం దగును.

తొట్టిని రెండు వారముల కొకసారి ఖాళీచేసి, వేఁడినీటితోను వాసనలేని సబ్బుతోను గడిగి, యెండఁబెట్టవలయును. ప్లాస్టిక్కున గీఁతలు పడిన నందుఁ గంపు నిలుచును. ఏఁటికొక క్రొత్తతొట్టి మేలు. అగరువత్తులు, అత్తరులు దగ్గఱ పెట్టరాదు. పిల్లి యా ఘాటును సహింపక తొట్టిని విడిచి మన పరుపుల నాశ్రయించును. గాలి యాడు చోట, దాని భోజనమునకు దూరముగా నుంచుఁడు.

గర్భవతులకు వేఱొక జాగ్రత్త వలయును. టాక్సోప్లాస్మా యను సూక్ష్మజీవి కొన్ని పిల్లుల మలమున వెడలి గర్భస్థశిశువునకుఁ గీడుచేయఁగలదు. 1897లో రొనాల్డ్ రాస్ మన సికిందరాబాదులోనే దోమయందుఁ గనుఁగొన్న మలేరియా జీవి కిది దూరపుఁ జుట్టము. అయితే వెడలిన వెంటనే యది యంటుకొనదు. అందులకు ఒకటి మొదలు అయిదు దినములు పట్టును. కనుక ప్రతిదినము నింటిలో వేఱొకరు తొట్టిని శుభ్రపఱచి, సబ్బుతోఁ జేతులు కడిగికొనినఁ బిల్లిని వెడలఁగొట్ట నక్కఱలేదు. సరిగా నుడుకని మాంసమువలనను, కడుగని కూరలవలనను గూడ నిది సోకునని మఱవరాదు.

మఱియు, తొట్టి పిల్లి యారోగ్యమును దెలుపు నద్దము. మూత్రమున నెత్తురు కనఁబడినను, మగపిల్లి ముక్కుచుఁ జుక్కయైన వెడలింపలేకున్నను ఆలసింపక వైద్యునికడకుఁ గొనిపోవలయును. ఒకటి రెండు దినములలోనే ప్రాణము మీఁదికి వచ్చును.

మా యింట నిప్పుడు తొట్టి పని మావారిది. ఆఁడుబిడ్డకు సుఖప్రసవమై యాఁడుశిశువు గలిగినది. అత్తగారు పిల్లిని మెచ్చుకొనరు గాని, ప్రొద్దుట పాలు పోయునది మాత్రము వారే.