మీటరు ఒక మాట, ల్యాబు ఒక మాట చెబితే?

ఇంట్లో మీటరు మీద పరగడుపున 160, భోజనమైన రెండు గంటలకి 240 చూపిస్తోంది. ల్యాబు కాగితంలో హెచ్‌బిఎ1సి మాత్రం 5.8. "మూడు నెలల లెక్క బాగానే ఉందిగా, మీటరే పాడై ఉంటుంది" అనుకుని షుగరు బిళ్ళ సగం చేసేవాళ్ళున్నారు. తొందరపడకండి. మీటరు నిజమే చెబుతూ ఉండొచ్చు.

ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కి రక్తంలోని గ్లూకోజు కొద్దికొద్దిగా అంటుకుంటూ ఉంటుంది. పాకంలో వేసిన గులాబ్‌జామ్ ఎంతసేపు నానితే అంత తీపి పట్టినట్టే ఇదీను! ఒక్కో కణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అందుకే ఎంత శాతం హిమోగ్లోబిన్‌కి గ్లూకోజు పట్టిందో చూస్తే రెండు మూడు నెలల సగటు షుగరు తెలుస్తుంది. 7 శాతం అంటే సగటున 154 అన్నమాట.

మరి జామ్‌ని పాకంలోంచి మధ్యలోనే తీసేస్తే? కణం ముందే చచ్చిపోతే దానికి గ్లూకోజు పట్టే వ్యవధే ఉండదు. షుగరు ఎంతున్నా లెక్క తక్కువే వస్తుంది. సికిల్‌సెల్ జబ్బులో, కొన్ని రకాల తలసీమియాలో, జి6పిడి లోపంలో జరిగేది ఇదే.

సికిల్‌సెల్ లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తేనే ఆ జబ్బు. ఒక్కరి నుంచే వచ్చినవాళ్ళు మామూలుగా తిరుగుతూంటారు, సంగతి వాళ్ళకే తెలీదు. మన మన్యం గిరిజన కుటుంబాల్లో ఇది కనిపిస్తుంది. పంజాబు వైపు హిమోగ్లోబిన్ డి, బెంగాల్, అస్సాముల్లో హిమోగ్లోబిన్ ఇ ఎక్కువ. ఇలాంటివాళ్ళకి పరీక్ష సరిగ్గా వస్తుందా రాదా అన్నది యంత్రం పద్ధతిని బట్టి ఉంటుంది. హెచ్‌పిఎల్‌సి పద్ధతిలో తేడా హిమోగ్లోబిన్ ఉంటే తరచు బయటపడుతుంది. ల్యాబువాళ్ళు కాగితం అడుగున చిన్నక్షరాలతో "వేరియంట్" అని రాస్తారు. మనం చదవనిది సరిగ్గా ఆ లైనే!

తమాషా ఏమిటంటే, 1968లో టెహరాన్‌లో శామ్యూల్ రహ్బర్ అనే డాక్టరు తేడా హిమోగ్లోబిన్ల కోసం వెతుకుతూనే షుగరు రోగుల రక్తంలో ఈ ఎ1సి విశేషాన్ని కనిపెట్టారు.

ఆడవాళ్ళకి ఇంకో చిక్కుంది. ఇనుము లోపించి రక్తం తక్కువగా ఉంటే ఈ లెక్క ఉన్నదానికంటే ఎక్కువ రావచ్చు. ఐరన్ బిళ్ళలు వాడాక షుగరులో మార్పు లేకుండానే అది దిగుతుంది. అందుకని 6.6 వచ్చిందని బెంగ పెట్టుకునే ముందు పరగడుపు పరీక్ష కూడా చేయించండి. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్ళు మూడు నెలలపాటు ఈ అంకెని నమ్ముకోకూడదు. గర్భంతో వచ్చే షుగరుని తేల్చడానికైతే గ్లూకోజు తాగించి చేసే పరీక్షే కావాలి.

రెండు లెక్కలూ కలవకపోతే, ముందు అదే పూట ల్యాబులో పరగడుపు రక్తమిచ్చి మీటరుని సరిచూసుకోండి. మీటరు సరైనదేనని తేలితే "నా హిమోగ్లోబిన్‌లో తేడా ఉందేమో చూస్తారా?" అని డాక్టరుని అడగండి. ఫ్రక్టోజమీన్ అనే పరీక్ష రక్తంలోని ప్రోటీన్లని చూసి రెండు మూడు వారాల షుగరు చెబుతుంది, దానికి హిమోగ్లోబిన్‌తో పనిలేదు. అంతవరకూ బిళ్ళల జోలికి మాత్రం పోకండి.

తేడా ఉందని తేలితే పెళ్ళీడు పిల్లలకీ పరీక్ష చేయించండి. దంపతులిద్దరికీ సికిల్‌సెల్ లోపం చెరోపాలు ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకవంతు.